రాగి పుల్లకు కాటుక

7 నవంబరు 1955, సోమవారం

ఓవెన్ వచ్చింది, కేకులు కాల్చే కరెంటు పెట్టె. జట్కాలో పట్టలేదు, ఎద్దుల బండిలో తెచ్చారు. తలుపు అద్దం ఎక్కడ పగులుతుందోనని కరుణక్క బండి వెంట ఎండలో నడిచే వచ్చింది. ఎల్లుండి ఆమె కడపకు. అక్కడి బడికి బదిలీ. అక్కడ ఇచ్చిన ఇంట్లో కరెంటు లేదట, అందుకని ఇది నాకు. అమ్ముకోవచ్చు కదక్కా అన్నాను. మిషన్ ఆసుపత్రి దొరసానమ్మ వెళ్లిపోతూ తనకు ఊరికే ఇచ్చిందట, ఊరికే వచ్చిన వస్తువును అమ్మడమేమిటి అంటుంది.

ఒకటే అడిగింది. "మాయమ్మకు ప్రతి క్రిస్మస్‌కు దీంట్లోనే కేకు చేస్తాండా. ఈసారి నువ్వు చేసిపెట్టు సుభద్రా. పండగ ముందురోజు వచ్చి తీసుకపోతా."

చేస్తానన్నాను. గుడ్లు గిలకొట్టడం దగ్గర్నుంచి నాకు నేర్పింది ఆమే. మేమిద్దరం పంతులమ్మలుగా ఉన్న బళ్లో, వంటపాఠం గదిలో, ఇదే పెట్టె ముందు కూచోబెట్టి.

పెరటి వైపు నుంచి వచ్చి వసారా గడప దగ్గర ఆగింది. ఆగమని ఎవరూ అనలేదు. ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. మంచినీళ్లు ఇచ్చాను... గూట్లో విడిగా పెట్టే ఆ గాజు గ్లాసులోనే.

8 నవంబరు

పెట్టె ఇంకా బట్టలుతికే బండ దగ్గరే. అత్త గడప దాటనివ్వలేదు.

"ఎవరెవరిండ్లు తిరిగి వచ్చిందో, దాంట్లో ఏమేమి వండినారో" — ఇదీ అత్త మాట. మేమేమీ కూరాకు మాత్రమే తినేవాళ్లం కాదు. ఆదివారం వస్తే మా ఇంట్లో పొట్టేలు మాంసం ఉడుకుతుంది, ఆ వాసన వీధి చివరి దాకా పోతుంది. కాబట్టి అత్త బాధ మాంసం కాదు. మిషన్లో కలవకముందు కరుణక్క తాతముత్తాతలు ఊరికి ఏ వైపున ఉండేవాళ్లో అత్తకు తెలుసు, నాకు తెలుసు, ఆయనకు తెలుసు. నోరు తెరిచి ఎవరం అనం. మర్యాద గల ఇల్లు!

చింతపండు, బూడిద, కొబ్బరి పీచు. పెట్టెను నేనే తోమాను. అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "లోపల గూడా. మూలమూలా తోము." లోపల వెనక గోడకు వేలెడంత రాగి పుల్ల ఉంది, సన్నటి రాగి తీగ కొసన. ఏళ్ల తరబడి నూనె ఆవిరి పట్టి నల్లగా అయిపోయింది. రాగి కనబడితే నా చెయ్యి ఊరుకోదు, పుట్టింట్లో బిందెలు తోమి పెరిగినదాన్ని. పుల్లను గోడ నుంచి లాగి చింతపండు వేసి రుద్దాను. పూజ చెంబులా మెరిసింది. తిరిగి లోపలికి తోసేశాను.

తర్వాత పసుపు నీళ్లు చల్లడం, తలుపుకు కుంకుమబొట్టు పెట్టడం. అప్పుడు గానీ పెట్టె వసారా ఎక్కలేదు.

శుభ్రం చేశాను, అంతే. దుమ్ము ఉన్నమాట నిజమే.

9 నవంబరు

కరుణక్క ఇవాళ రైలెక్కింది. స్టేషనుకు పోలేదు. పరీక్ష పేపర్లు దిద్దాలని కబురు చేశాను. అవి నిన్ననే దిద్దేశాను.

12 నవంబరు

పెట్టె ఎండలో బాగా ఎండింది. వీధి మొగలో కరెంటు పని చేసే ఖాదర్ సాయిబు వచ్చి తీగ లాగి ఇచ్చాడు. తిప్పుడు బిళ్ల మూడువందల యాభై దగ్గర పెట్టాను, కరుణక్క ఎప్పుడూ పెట్టే చోటే. ఎర్ర దీపం వెలిగింది. ఆ దీపం ఆరిందంటే లోపల వేడి సరిపోయిందని గుర్తు. చిటికెలో ఆరిపోయింది. భలే పెట్టె అనుకుని పిండి లోపల పెట్టాను.

గంట తర్వాత తీస్తే పైన పొర కట్టింది, లోపల జావ. ఆయన చెంచాతో తాగారు. "పాయసం బాగుంది" అన్నారు.

14 నవంబరు, దీపావళి

నాన్‌ఖటాయి బిస్కట్లు చేశాను. తెల్లగా, పచ్చిగా, సున్నపు ఉండల్లా. పక్కింటికి పంపుదామనుకున్న పళ్లెం పంపలేదు.

17 నవంబరు

ఖాదర్ సాయిబు మళ్లీ వచ్చాడు. అడుగున కరెంటు చుట్ట ఎర్రగా కాలుతోంది, దానికేం రోగం లేదు. రాజధాని ఈ ఊరికొచ్చాక ఇంటింటికీ బల్బులయ్యాయి, కరెంటు చాలడం లేదమ్మా అన్నాడు. పగటిపూట పెట్టి చూడమన్నాడు. పగటిపూట పెట్టాను. అదే జావ.

21 నవంబరు

ఇవాళ జరిగింది రాసుకోవాలి, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను.

అన్నిటికన్నా కాస్త నయంగా వచ్చిన కేకు కోసి బడికి తీసుకుపోయాను, గొప్పకు. పెద్ద పంతులమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. లెక్కల పంతులమ్మ అన్నది — "చెడిపోయినదాన్ని నీకు అంటగట్టి పోయిందిలే కరుణ. ఊరికే ఎవరిస్తారమ్మా?" అందరూ నవ్వారు.

నేను కాదనలేదు. పోయిన నెల ఇదే పెట్టెలో ఆమె చేసిన కేకు ఆ పంతులమ్మల గదిలోనే అందరం చేతులు నాకుతూ తిన్నాం. ఆ మాటైనా అని ఉండాల్సింది. అనలేదు. ఇంకా సిగ్గు ఏమిటంటే... ఇంటికి నడిచొస్తూ, నిజమేనేమో, అంటగట్టిందేమో అని నేనూ కాసేపు అనుకున్నాను.

22 నవంబరు

మిగిలిన కేకు ముక్కలు కాకులకు వేశాను.

27 నవంబరు, ఆదివారం

కరుణక్క పద్ధతి గుర్తొచ్చింది. తెల్ల కాగితం ముక్క లోపల పెట్టి చూడ్డం. సరైన వేడికి కాగితం గోధుమ రంగుకు తిరగాలి. పెట్టి చూశాను. ఎంతసేపు పెట్టినా పాలరంగే. ఎర్ర దీపం చిటికెలో ఆరుతుంది, ఇక వెలగదు, వెలిగినా రెప్పపాటే. అంటే పెట్టె తనంతట తాను వేడెక్కానని అనుకుంటోంది. ఎక్కలేదు.

ఎవరు చెబుతున్నారు దానికి ఎక్కిందని?

4 డిసెంబరు, ఆదివారం

దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

తల లోపల పెట్టి చూశాను. వెనక గోడకు పైన రెండు చిన్న కొక్కేలు. ఖాళీగా ఉన్నాయి. రాగి పుల్ల మటుకు కింద, కరెంటు చుట్టకు ఆనుకుని పడి ఉంది. వేడి చూసే పుల్ల అదే. పైన గాలిలో ఉండి పెట్టె మొత్తం వేడి చూడాల్సినది నిప్పు పక్కన పడుకుంది. చుట్ట వేడెక్కగానే చాలు చాలు అని కరెంటు ఆపేస్తోంది.

దాన్ని కొక్కేల్లోంచి లాగింది ఎవరు? నేను. చింతపండుకు అందడం కోసం.

ఒక కొక్కెం వంగిపోయి ఉంది, నా చేతి బలానికే. పటకారుతో మెల్లగా తిన్నగా చేశాను. తీగ మెలిక పడకుండా సర్ది, పుల్లను కొక్కేల్లో కూచోబెట్టాను. మీట నొక్కాను. ఎర్ర దీపం వెలిగింది, వెలుగుతూనే ఉంది. ఆరేసరికి నా బియ్యం ఏరడం అయిపోయింది. కాగితం పెట్టాను — గోధుమ రంగు.

సంతోషంతో అత్తకు చెప్పాను. ఆ రోజు తోమినందుకే పాడైంది అత్తా అని. అత్త చేటలోంచి తలెత్తలేదు. "తోమకపోతే ఇంట్లేకి వస్తాండెనా?" అన్నది.



11 డిసెంబరు

కేకు వచ్చింది. అంచుల దగ్గర్నుంచి నడిమి దాకా ఒకే రంగు. ఆయన రెండు ముక్కలు తిన్నారు. అత్త కూడా తిన్నది, గుడ్డు వాసన అంటూనే.

రేపు బళ్లో చెప్పాలి, పెట్టెలో లోపం లేదని.

12 డిసెంబరు

చెప్పలేదు. చెబితే మరి ఎందుకు పాడైంది అంటారు. తోమాను అనాలి. ఎందుకు తోమావు అంటారు... అనరులే. ఎవరూ అడగరు. అందరికీ తెలుసు ఎందుకు తోముతారో. అందుకే చెప్పలేకపోయాను.

17 డిసెంబరు, శనివారం

కరుణక్క కార్డు. ఇరవై నాలుగున పొద్దున వస్తుంది. కేకు తీసుకుని, "నా పెట్టెను కూడా ఒకసారి చూసుకుని" పోతుందట. కడపలో నీళ్లు ఉప్పన, పిల్లలు మంచివాళ్లు. ఇక్కడి మిషన్ కాంపౌండు ఇంట్లోనే ఉండిపోయిన వాళ్లమ్మకు చూపు బాగా తగ్గిందని కబురు అందిందట. కేకు గురించి మాత్రం రోజూ అడుగుతోందట.

చూసుకుని పోతుంది అన్న దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి.

18 డిసెంబరు

తలుపు మీద బొట్టు మరక తడిగుడ్డతో తుడిచాను. పోలేదు. గోటితో గీకాను. పోయింది. పసుపు చారలు కూడా.

బయటి భాగం పరవాలేదు, ఎవరైనా తుడుస్తారు. కానీ లోపల ఆ పుల్ల! కొత్త రాగి బిందెలా మెరుస్తోంది. తలుపు తీయగానే మొదట కనబడేది అదే. తడిగుడ్డతో తుడిస్తే రాగికి ఆ మెరుపు రాదు. చింతపండుకే వస్తుంది. ఆమెకు తెలియకపోవడమేమిటి, పిల్లలకు పాత్రల పాఠం చెప్పేదే ఆమె. మా బోటి ఇళ్లలో బయటి గిన్నెను చింతపండుతో ఎప్పుడు తోముతారో కూడా ఆమెకు నాకన్నా బాగా తెలుసు.

అక్కా అని పిలుస్తాను ఆమెను. సొంత అక్కను కూడా అంత ప్రేమగా పిలవను.

21 డిసెంబరు

ఈలోగా నల్లబడుతుందనుకున్నాను. నల్లబడలేదు. రెండు రోజులు వరసగా ఖాళీ పెట్టెను కాల్చాను. కాస్త ముదురు ఎరుపు తిరిగింది, అంతే.

22 డిసెంబరు

ఈ పని చేశానని రాయడానికే చెయ్యి రావడం లేదు.

మధ్యాహ్నం అత్త పడుకున్నాక ఆముదం దీపం పెట్టి, పైన పళ్లెం బోర్లించి మసి పట్టాను, కాటుకకు పట్టినట్టే. వేలితో ఆముదంలో కలిపి పుల్లకు పూశాను. కొక్కేలకు కూడా కొంచెం. దూరం నుంచి చూస్తే అచ్చం పాతదానిలాగే ఉంది. పెళ్లికూతురికి కూడా ఇంత ఓపికగా కాటుక పెట్టి ఉండను. నవ్వు వచ్చింది. తర్వాత ఏడుపు వచ్చింది.

23 డిసెంబరు, శుక్రవారం

బడికి సెలవు. కేకు చేశాను. కిస్‌మిస్, జీడిపప్పు, నారింజ తొక్క, అన్నీ కరుణక్క కొలతలే. వేడి గీత మీద నిలబడ్డట్టు నిలబడింది. రంగు చూస్తే కడుపు నిండింది.

వాసనే... ఏదో ఉంది. నెయ్యి పాతదేమో. కిస్‌మిస్ మాగిందేమో.

నెయ్యి కాదని నాకు తెలుసు. మళ్లీ చేద్దామంటే ఇంట్లో గుడ్లు లేవు. చల్లారితే పోతుందిలే అనుకుని కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టాను.

24 డిసెంబరు, శనివారం

పొద్దున్నే వచ్చింది. కాస్త చిక్కింది. చేతిసంచి నిండా వేంపల్లె చీనీకాయలు. అత్తను పలకరించింది, ఆయన్ను పలకరించింది. చీనీకాయలు లోపలికి పోయాయి. పండ్లకు అడ్డం లేదు మా ఇంట్లో. ఆమె వసారా గడప దగ్గరే.

డబ్బా మూత తీసి వాసన చూసింది. మొహంలో నవ్వు అలాగే ఉంది కానీ కళ్లు చిన్నవయ్యాయి. "ఆముదం వాసనొస్తాండాదే, ఏమేసినావు?" కిస్‌మిస్ అన్నాను. అంచు తుంచి నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది. గడప పక్కనే ఉన్న పెట్టె దగ్గరికి పోయి తలుపు తీసింది.

నేను అడ్డం పోదామనుకున్నాను. ఏమని పోను?

లోపల చెయ్యి పెట్టింది. చూడనక్కర్లేదు ఆమెకు, ఏది ఎక్కడుందో చేతికి తెలుసు. పుల్లను తాకింది. చెయ్యి తీస్తే రెండు వేళ్లు నల్లగా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. మళ్లీ చెయ్యి పెట్టి బొటనవేలితో ఒకసారి రుద్దింది. కాటుక కింద రాగి తళుక్కుమంది. తలుపు సందులో ఇంకా పసుపు ఉంది, నేను గీకని చోట. అది కూడా చూసింది.

"తోమినావు" అన్నది.

ఊఁ అన్నాను.

కోపం వస్తుందనుకున్నాను. వస్తే బాగుండేది. చీర కొంగుతో కాదు, తన చేతిరుమాలు తీసి వేళ్లు తుడుచుకుంది. "తోమేది మీ ఇంట్లో ఉండేదే, నాకు తెలీదా? తోముతారని తెలిసే ఇచ్చినా. కానీ తోమి, మళ్లా మసి పూసినావు చూడు..." అని ఆగిపోయింది.

అక్కా, మళ్లీ చేస్తాను, గుడ్లు తెప్పిస్తాను, సాయంత్రానికి నేనే తెచ్చిస్తాను అన్నాను. వద్దన్నది. కేకు డబ్బా సంచిలో పెట్టుకుంది. "మాయమ్మకు చూపుతో పాటు వాసన గూడా తగ్గిపాయలే. తింటాది."

ఏం చేయాలో తోచక లోపలికి పరుగెత్తాను. గూట్లో గాజు గ్లాసు మీదికి చెయ్యి పోయింది, అలవాటుగా. వెనక్కి తీసుకుని మేం తాగే ఇత్తడి గ్లాసు తీసి కడవలో ముంచాను. అత్త చూసింది. గ్లాసు నిండా తెచ్చి చేతికిచ్చాను.

కరుణక్క గ్లాసు అందుకుని దానికేసి చూసింది. నాకేసి చూసింది. ఇన్నేళ్లూ ఆ గాజు గ్లాసును పెదాలకు పెట్టుకునే తాగేది. ఇవాళ మెడ వెనక్కి వంచి, ఇత్తడి గ్లాసు పైకెత్తి, పెదవి తగలకుండా నీళ్లు గొంతులో పోసుకుంది. ఒక్క చుక్క కింద పడలేదు. గ్లాసు గడప మీద పెట్టింది.

"మళ్లా చింతపండు దండగ యెందుకులే సుభద్రా."

వీధి మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను. వెనక్కి తిరగలేదు.

25 డిసెంబరు

మిషన్ వైపు నుంచి పొద్దున గంటలు. గ్లాసు గడప మీదే ఉంది. అత్త దాన్ని దాటుకుంటూ తిరుగుతోంది. "ఆ గ్లాసు తోమి లోపల పెట్టకూడదా?" అని రెండుసార్లు అన్నది. పెదవి కూడా తగల్లేదత్తా అన్నాను. "అయినా" అన్నది.

తోమలేదు. తోమకుండా లోపల పెట్టనూ లేదు. ఆయన పేపరు చదువుతూ అంతా విన్నారు, పేజీ తిప్పారు.

26 డిసెంబరు, సోమవారం

రేపు పొద్దుటి బండికి కరుణక్క కడపకు.

గుడ్లు తెప్పించాను. పుల్ల మీది కాటుకను తడిగుడ్డతో తుడిచాను. చింతపండు ముట్టలేదు. ఖాళీ పెట్టెను వాసన పోయేదాకా కాల్చి, చల్లార్చి, మళ్లీ కాల్చాను. కాగితం గోధుమ రంగుకు తిరిగింది. పిండి పెట్టాను.

బాగా వచ్చింది. ఏ వాసనా లేదు, కేకు వాసన తప్ప. పెట్టెకు ఏ లోపం లేదు, మొదట్నుంచీ లేదు. ఈ మాట సెలవులయ్యాక బళ్లో లెక్కల పంతులమ్మ మొహం మీద చెబుతాను, ఎందుకు పాడైందో కూడా చెబుతాను. అని ఇక్కడ రాయడం సులువు.

కేకు కాగితంలో చుట్టి సంచిలో పెట్టాను. చీర మార్చుకున్నాను. ఎక్కడికి అన్నది అత్త. మిషన్ కాంపౌండుకు, కరుణక్క వాళ్లింటికి అన్నాను. ఆమెను అక్కా అనడం మొదలుపెట్టిన ఇన్నేళ్లలో వాళ్ల గేటు దాటింది లేదు. అత్త గడప మీద గ్లాసుకేసి చూసింది.

చెప్పులేసుకుని వసారా మెట్టు మీద కూచుని ఇది రాస్తున్నాను. ఎండ గోడ దిగుతోంది. లేవాలి.

పోతే లోపలికి రమ్మంటారు. ముసలామె మంచం మీద కూచోమంటుంది. కరుణక్క వాళ్లింటి గ్లాసులో నీళ్లు తెచ్చిస్తుంది.

నేను ఎత్తి పోసుకుంటానా, పెదాలకు పెట్టుకుంటానా అని చూస్తుంది.